చీపురు వాళ్ళ చేతిలో, చెత్త మన సందూఖ్‌లో

పోయిన నెల మా భాంజీ స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడానికి మొహల్లా చివర ఉన్న నెట్ సెంటర్‌కి పోయింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌లో ఆ ఫారం సరిగ్గా తెరుచుకోదు. సైట్‌లోకి పోయి ఫారం నొక్కితే ఖాళీ గడులు రాలేదు, నిండిన గడులు వచ్చాయి. పేరు వేరే అమ్మాయిది. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఇంటి ఆమ్దనీ, అన్నీ ఉన్నాయి. తల్లిదండ్రుల వివరాల దగ్గర ‘విడాకులు’ అని ఉంది.

ఆ అమ్మాయి మాకు తెలిసిన ఖాన్‌దాన్ పిల్ల. వాళ్ళమ్మకి తలాక్ అయిన సంగతి బయట ఎవరికీ తెలీదు. అబ్బా దుబాయ్‌లో ఉన్నాడని రెండేళ్ళుగా చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నారు. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, రిష్తాలు చూస్తున్నారు. వాళ్ళ మజ్బూరీ వాళ్ళది.

మా భాంజీ చెడ్డపిల్ల కాదు. ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని మామూలుగానే అడిగింది, “మామూ, వాళ్ళ అబ్బా దుబాయ్‌లో లేడంట గదా?” అని. మా ఆపా “చుప్!” అని కసిరింది. అప్పటికే ఆలస్యం అయిపోయింది. నెట్ సెంటర్‌లో పక్క కుర్చీల్లో ఉన్న ఇద్దరు ఫ్రెండ్స్ కూడా ఆ స్క్రీన్ చూశారు. వారం తిరక్కుండా మాట ఏడిళ్ళు దాటింది. వస్తానన్న రిష్తావాళ్ళు రాలేదు. కారణం ఇదేనని నేను ఖసమ్ వేసి చెప్పలేను. ఆ తల్లి మాత్రం ఇదేనని నమ్ముతోంది. మా ఆపా ఎదురుపడితే సలాం చెప్పడం కూడా మానేసింది.

ఊరి పేరు రాయడం లేదు, సైట్ పేరూ రాయడం లేదు, ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. రాస్తే నేనూ ఆ ఖయానత్‌లో హిస్సాదారుని అవుతాను.

ఎవరో హ్యాక్ చేశారేమో అనుకున్నాను నేను. ఆదివారం హైదరాబాద్ నుంచి మా భాంజా వచ్చాడు. ఆ పిల్లకి సొంత అన్న. బీటెక్ చేసి, అమీర్‌పేటలో కోర్సు చేసి, ఇప్పుడు ఒక కంపెనీలో వెబ్‌సైట్లు కట్టే పని చేస్తున్నాడు. వాడు నవ్వాడు. “క్యా మామూ, ఇత్తా భీ నై మాలూమ్? హ్యాకింగ్ వ్యాకింగ్ నక్కో. అది లోకల్ స్టోరేజ్.”

అదేంటో వాడు చెప్పింది మీకు చెప్తాను. మనం ఏ సైట్ తెరిచినా, ఆ సైట్ మన బ్రౌజర్‌లో ఒక చిన్న సందూఖ్ పెట్టుకోవచ్చు. దాన్నే లోకల్ స్టోరేజ్ అంటారు. 2009 నాటికే పెద్ద బ్రౌజర్లలో వచ్చేసింది. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ దానికి 2013 జూలైలో పక్కా ముద్ర వేసింది. అంతకుముందు కుకీలు ఉండేవి. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటులీ పెట్టిన పద్ధతి అది. కుకీలో పట్టేది 4 కేబీ దాకానే. ఈ సందూఖ్‌లో సైట్‌కి దాదాపు 5 ఎంబీ పడుతుంది. ఉట్టి అక్షరాలతో 5 ఎంబీ అంటే కొన్ని లావుపాటి కితాబులు పట్టేంత జాగా.

కుకీకి గడువు తేదీ పెట్టొచ్చు. ఈ సందూఖ్‌కి గడువే లేదు. ట్యాబ్ మూసినా, కంప్యూటర్ ఆపినా, నెల తర్వాత తెరిచినా లోపల పెట్టింది అలాగే ఉంటుంది. ఆ సైట్ తీసెయ్యాలి, లేదా మనం తుడవాలి. తాళా కూడా లేదు. ఆ పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా దాన్ని చదవగలదు. ప్రకటనల కోసమో, లెక్కల కోసమో బయటి కంపెనీ నుంచి తెచ్చి పెట్టిన స్క్రిప్ట్ అయినా సరే. అదే కంప్యూటర్‌లో అదే బ్రౌజర్ ముందు కూర్చున్న తర్వాతి మనిషి కూడా చూడగలడు.

ఆ స్కాలర్‌షిప్ సైట్ చేసింది అంతే. నింపుతూ ఉండగా ఫారాన్ని ఆ సందూఖ్‌లో రాసి పెట్టింది. ఆ అమ్మాయి పని ముగించుకుని లేచి వెళ్ళింది. సందూఖ్ ఖాళీ చెయ్యాలని సైట్‌కి ఎవరూ చెప్పలేదు. తర్వాత వచ్చిన మా భాంజీ ముందు దాన్ని అట్లాగే పరిచింది.

ఇంతవరకు విని ఒక గలతీ జరిగిందిలే అని ఊరుకునేవాణ్ణి. కానీ ఆ తర్వాత మా భాంజా చూపించింది చూసి నాకు గుస్సా వచ్చింది.

ల్యాప్‌టాప్ తెరిచి నల్ల స్క్రీన్ పెట్టాడు. కమాండ్ లైన్ అంటారు. మౌస్ ఉండదు, బొమ్మలు ఉండవు, హుకుం టైప్ చెయ్యడమే. వాడు సొంతంగా ఒక చిన్న టూల్ రాసుకున్నాడంట. ఒక మాట కొడితే బ్రౌజర్ సందూఖ్‌లో ఏమేం ఉన్నాయో వరసగా పేరుపేరునా వచ్చింది. ఇంకో మాట కొడితే ఒక్క చీటీ తీసేసింది. మూడో మాటకి మొత్తం సాఫ్. నాలుగో మాటకి ఉన్నదంతా ఒక ఫైల్‌లో దాచింది, ఐదో మాటకి ఆ ఫైల్ నుంచి మళ్ళీ సందూఖ్ నింపింది. అరనిమిషంలో అన్నీ చేసి చూపించాడు. మాషా అల్లా, పిల్లాడి హునర్‌కి లోపల ఖుష్ అయ్యాను కూడా.

“ఇది ఎందుకురా నీకు?” అన్నాను.

వాడు చెప్పింది వినండి. సైట్ కట్టేటప్పుడు ముందు తమ కంప్యూటర్‌లోనే నడిపి చూసుకుంటారు. ఆ అడ్రస్ లోకల్‌హోస్ట్, పక్కన పోర్ట్ నంబరు, 3000 అనో 8080 అనో. బ్రౌజర్ దృష్టిలో ఒక సందూఖ్ ఎవరిది అనేది మూడింటిని బట్టి తేలుతుంది: హెచ్‌టీటీపీయా హెచ్‌టీటీపీఎస్సా, అడ్రస్ ఏంటి, పోర్ట్ ఎంత. ఈ మూడూ ఒకటైతే సందూఖ్ ఒకటే. కాబట్టి నిన్న ఒక ప్రాజెక్టుని 3000 పోర్ట్‌లో నడిపి, ఈరోజు ఇంకో ప్రాజెక్టుని అదే పోర్ట్‌లో నడిపితే, నిన్నటి చెత్త ఈరోజు ప్రాజెక్టులో ప్రత్యక్షం అవుతుంది. పాత లాగిన్, పాత పేరు, పాత బండి సరుకు. తప్పెక్కడుందో తెలీక గంటలు పోతాయి. “ఒకసారి దీనివల్ల నాకు సగం రోజు ఖరాబ్ అయింది మామూ. ఆ రాత్రే కూర్చుని ఈ టూల్ రాసేసిన.”

ఇదే నాకు కాలింది. ముందు కూర్చున్నవాడి చెత్త తర్వాత కూర్చున్నవాడి ముందుకు రావడం, నెట్ సెంటర్‌లో జరిగింది అచ్చం ఇదే. అంటే ఈ తక్లీఫ్ ఎలా ఉంటుందో డెవలపర్లకి బాగా తెలుసు. రోజూ అనుభవిస్తున్నారు. తమ సగం రోజు పోయిందని రాత్రికి రాత్రి చీపురు తయారుచేసుకున్నారు. ఒక ఆడపిల్ల ఇంటి ఇజ్జత్ పోయేచోట ఒక్క లైన్ రాయలేదు. ఆ సందూఖ్ మొత్తాన్ని తుడవడానికి ఒక్క లైన్ చాలని చూపించింది కూడా వాడే.

“మీ కంపెనీ సైట్‌లో లాగౌట్ కొడితే ఇదంతా తుడుస్తారా?” అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “అది మా సర్వర్‌లో ఉండదు గదా మామూ. యూజర్ బ్రౌజర్‌లో ఉంటది. మా జిమ్మేదారీ కిందికి రాదు.”

ఈ మాట మీదే నా ఝగడా. వాడొక్కడితో కాదు, ఈ మాట అనే అందరితో.

నీ సరుకు నా ఇంట్లో పెట్టావు. నన్ను అడగలేదు, ఇజాజత్ లేదు, పెట్టినట్టు చెప్పనూ లేదు. సందూఖ్ నువ్వు తెచ్చావు, అందులో ఏం పెట్టాలో నువ్వు తేల్చావు, ఎన్నాళ్ళు ఉండాలో నువ్వు తేల్చావు. చివరికి అది నా ఇంట్లో ఉంది కాబట్టి హిఫాజత్ నాదంటావా? మన ఇళ్ళల్లో అమానత్ అంటే అర్థం తెలియని పిల్లలు ఉండరు. ఒకరి వస్తువు మన చేతికి వస్తే అది ఏ గూట్లో పెట్టామన్నది ముఖ్యం కాదు, పెట్టింది ఎవరన్నదే ముఖ్యం. ఆ అమ్మాయి ఆధార్ నంబరు సైట్‌ని నమ్మి సైట్‌కి ఇచ్చింది. నెట్ సెంటర్ కంప్యూటర్‌కి ఇవ్వలేదు.

రెండో జవాబు, “యూజరే తుడుచుకోవచ్చు గదా” అని. తుడుచుకోవచ్చు. ఎలాగో చూడండి. ఎఫ్12 కొట్టాలి, అప్లికేషన్ అనే ట్యాబ్ వెతకాలి, అందులో లోకల్ స్టోరేజ్ తెరవాలి, సైట్ పేరు చూసి తుడవాలి. మా అమ్మీ చేస్తుందా? డెబ్బై ఏళ్ళ మనిషి, ఉర్దూ తప్ప చదవలేదు. మీకు ఒక్క హుకుంతో అయ్యే పనిని మా అమ్మీ నాలుగు తలుపులు తట్టి చెయ్యాలా? ఇంకో మోసం కూడా ఉంది. మనవాళ్ళు ‘హిస్టరీ డిలీట్’ కొట్టి అంతా పోయిందనుకుంటారు. హిస్టరీ ఒక్కటి తుడిస్తే ఈ సందూఖ్ పోదు. కుకీలు, సైట్ డేటా అని ఉన్న గడికి కూడా టిక్ పెడితేనే పోతుంది. ఈ తేడా చదువుకున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు? నలభై దాటిన జర్నలిస్టుని, నాకే మొన్నటిదాకా తెలీదు.

మూడో జవాబులో నిజం ఉంది. ఇన్సాఫ్‌గా ఒప్పుకుంటాను. “మన ఊళ్ళల్లో కరెంట్ పోతది, నెట్ పోతది. సగం నింపిన ఫారం పోతే పిల్ల మళ్ళీ మొదటినుంచి నింపాలి. అందుకే దాస్తాం” అన్నాడు భాంజా. సహీ బాత్. నేనూ అట్లా పోగొట్టుకుని తల పట్టుకున్నవాణ్ణే. కానీ దాచడానికి వేరే దారి లేదా? సెషన్ స్టోరేజ్ అని దీని తోబుట్టువే ఇంకోటి ఉంది, ట్యాబ్ మూస్తే అదీ పోతుంది. ఇంట్లో సొంత కంప్యూటర్ ఉన్నవాళ్ళ కోసం ‘ఇది మీ సొంత కంప్యూటరా?’ అని ఒక టిక్ అడగొచ్చు. పేరు, కాలేజీ దాచి, ఆధార్, బ్యాంకు ఖాతా, తల్లిదండ్రుల సంగతి దాచకుండా వదిలెయ్యొచ్చు. కనీసం ఫారం సబ్మిట్ అయిన క్షణంలో చెరిపెయ్యొచ్చు. మా భాంజీ చూసిన ఫారం ఎప్పుడో సబ్మిట్ అయిపోయింది. అది ఇంకా ఎవరి సహూలియత్ కోసం అక్కడ ఉంది?

లాగిన్ టోకెన్ల సంగతి ఇంకో ఎత్తు. ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక ‘ఈ మనిషి ఫలానా’ అని సైట్ ఇచ్చే చీటీ అది. ఆ చీటీ దొరికితే పాస్‌వర్డ్‌తో పన్లేదు. వెబ్ భద్రత మీద ప్రపంచమంతా చూసే ఓవాస్ప్ అనే సంస్థ, సెషన్ గుర్తుల్ని లోకల్ స్టోరేజ్‌లో పెట్టొద్దని తన సూచనల్లో సాఫ్‌గా రాసింది, ఏ స్క్రిప్టయినా చదివేస్తుంది గనక. కుకీలో పెట్టి హెచ్‌టీటీపీ ఓన్లీ అనే గుర్తు తగిలిస్తే స్క్రిప్టులకి అది కనపడదు. దాంతో అన్ని ప్రమాదాలూ పోవు, చెడ్డ స్క్రిప్ట్ పేజీలో దూరితే వేరే రకంగా పాడు చెయ్యగలదు. అయినా చీటీ ఎత్తుకుపోవడం ఆగుతుంది. మరి ఎందుకు పెట్టరు అంటే, “వీడియోల్లో అట్లనే నేర్పిస్తరు మామూ” అన్నాడు.

ఇక ఆ టూల్ దగ్గరికి మళ్ళీ వస్తాను. టూల్ మీద నాకు దుష్మనీ లేదు. కత్తి కూరగాయలూ కోస్తుంది. కానీ ఆ టూల్ సందూఖ్ మొత్తాన్ని ఒక ఫైల్‌లో దాస్తుందన్నాను గదా, ఆ ఫైల్‌లో టోకెన్లు కూడా ఉంటాయి, అందరూ చదవగలిగే మామూలు అక్షరాల్లో. “బగ్ చూపించడానికి పక్కవాడికి పంపుతాం” అన్నాడు తేలిగ్గా. ఇంటి తాళంచెవి జిరాక్స్ తీసి పంచినట్టు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్లేరైట్ అనే పెద్ద టూల్ కూడా కుకీల్నీ లోకల్ స్టోరేజ్‌నీ ఇలాగే ఫైల్‌లో దాచిపెడుతుంది. దాన్ని కోడ్ రిపోజిటరీలో పెట్టొద్దని, ప్రైవేటుదైనా వద్దని దాని పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. ఇలాంటి టూళ్ళు క్రోమ్‌తో మాట్లాడటానికి రిమోట్ డీబగ్గింగ్ అనే తలుపు వాడతాయి. అదే తలుపులోంచి దొంగలు కుకీలు ఎత్తుకుపోతున్నారని గూగుల్ 2025లో, క్రోమ్ 136 నుంచి, మనం రోజూ వాడే మామూలు ప్రొఫైల్‌కి ఆ తలుపు మూసేసింది. డెవలపర్ వేరే ప్రొఫైల్ పెట్టుకుని వాడుకోవాలి. బ్రౌజర్ కట్టినవాడికే భయం వేసింది. మీకెందుకు వెయ్యదు?

ఇంకో బ్రౌజర్ సంగతి కూడా చెప్తాను. ఆపిల్ వాళ్ళ సఫారీ 2020 మార్చిలో ఒక ఖాయిదా పెట్టింది. బ్రౌజర్ వాడుతున్న 7 రోజుల్లో మనిషి ఆ సైట్‌ని ముట్టకపోతే, స్క్రిప్ట్ దాచిన సరుకంతా తుడిచేస్తుంది. డెవలపర్లు గోల గోల చేశారు, మా యాప్‌లు పాడవుతాయని. కొంత నిజమే. కానీ సైట్లు తమ చెత్త తామే తీసుకుని ఉంటే బ్రౌజర్‌కి చీపురు పట్టాల్సిన గతి పట్టేదా?

కాబట్టి సైట్లు కట్టేవాళ్ళని నేను అడిగేది ఇదీ. ఒకటి, లాగౌట్ అంటే నిజంగా లాగౌట్. సర్వర్ నుంచి క్లియర్ సైట్ డేటా అనే ఒక హెడర్ పంపితే కుకీలు, స్టోరేజ్ అన్నీ బ్రౌజరే తుడుస్తుంది, కొత్త బ్రౌజర్లన్నింటికీ ఆ మాట అర్థమవుతుంది. రెండు, సబ్మిట్ అయిన ఫారం సందూఖ్‌లో ఉండొద్దు. మూడు, ఆధార్, బ్యాంకు, పిల్లల వివరాలు, ఇంటి సంగతులు అసలు అందులో పడొద్దు. నాలుగు, ‘ఈ కంప్యూటర్ నుంచి నా వివరాలు తుడువు’ అని ఒక బటన్ కనపడేచోట, తెలుగులో, ఉర్దూలో పెట్టండి. ఐదు, మీ టూల్ దాచే ఫైళ్ళని పాస్‌వర్డ్ లెక్క చూసుకోండి. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం చేసింది. తన డేటా తుడిచెయ్యమని అడిగే హఖ్ మనిషికి ఉందని అందులో రాసింది. పద్దెనిమిది నిండని పిల్లల డేటాకి తల్లిదండ్రుల ఇజాజత్ కావాలని రాసింది. చట్టం రాసిన దేశంలో ఒక బటన్ రాయలేరా?

మన వైపు కూడా గలతీ ఉంది. నెట్ సెంటర్‌లో కూర్చున్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ వస్తుంది. పని అక్కడే చేసుకుని, చివర్లో ఆ కిటికీలన్నీ మూసేస్తే సందూఖ్ కూడా పోతుంది. ఒక్కటి మిగిలినా పోదు, గుర్తు పెట్టుకోండి. ఇంట్లో ఒక్క ఫోన్‌ని ఆరుగురు వాడతాం. అందులో బిడ్డ చూసిన డాక్టర్ సైట్, అన్న నింపిన లోన్ ఫారం, అమ్మీ పెన్షన్ కాగితం అన్నీ కలిసే ఉంటాయి. పర్దా గురించి గంటలు మాట్లాడే మనం ఈ పర్దా గురించి ఒక్క మాట మాట్లాడం.

భాంజాని వెంటబెట్టుకుని ఆ నెట్ సెంటర్‌కి పోయాను. నడిపే భాయ్ పదో తరగతి దాకా చదివాడు. జరిగింది చెప్తే మొహం మాడిపోయింది. “నా దుకాణంలో అయిందా భాయ్ ఇది?” అన్నాడు. కిటికీలన్నీ మూసినప్పుడు సైట్లు దాచినదంతా తుడిచేసేలా క్రోమ్‌లో ఒక సెట్టింగ్ ఉంది. భాంజా చూపించాడు. ఉన్న ఆరు కంప్యూటర్లకీ అప్పటికప్పుడే పెట్టేశాడు. గిరాకీ మారినప్పుడల్లా కిటికీలన్నీ మూసి కొత్తగా తెరుస్తానని ఖౌల్ ఇచ్చాడు. చాయ్ చల్లారేలోపు పని అయిపోయింది.

స్కాలర్‌షిప్ సైట్‌వాళ్ళకి నేను రాసిన ఉత్తరానికి మెషీన్ పంపిన రసీదు ఒకటి వచ్చింది. మూడు వారాలైంది. మొన్న పోయి చూశాను, ఫారం అట్లాగే దాస్తోంది.

భాంజా పోయేటప్పుడు బస్టాండ్‌లో అన్నాడు, “మా లాగౌట్‌లో ఆ లైన్ పెడతా మామూ. టీమ్ లీడ్ ఏ టికెట్ కింద అని అడుగుతడు.” ఏ టికెట్ కిందో నాకు తెలీదు. ఆ తల్లి ఇంటికి పోయి మాఫీ అడగమని మాత్రం చెప్పాను. “నేనేం చేసిన?” అన్నాడు. నువ్వు కాదు, నీ పని చేసేవాళ్ళు చేశారు అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కాడు.

మన ఇళ్ళల్లో ఇప్పుడు ఇంటికొక పిల్లో పిల్లాడో కోడ్ రాస్తున్నారు. మనం జీతం ఎంత అని అడుగుతాం, ఆన్‌సైట్ ఎప్పుడు అని అడుగుతాం. ఈ ఆదివారం దస్తర్‌ఖాన్ ముందు ఇంకో సవాల్ అడగండి. “బేటా, మీ సైట్‌లో లాగౌట్ నొక్కితే ఏమేం తుడుస్తారు?” జవాబు వచ్చేదాకా బిర్యానీ రెండోసారి వడ్డించకండి.